తేలినీలాపురం చెట్లు సరే, బీల సంగతేంటి?

చలికాలం వస్తే చాలు, శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురానికి కార్లు బారులు తీరతాయి. సైబీరియా అతిథులు వచ్చేశాయంటూ పేపర్లలో ఏటా అదే పాట. నిజానికి అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్కులనే కొంగలు దక్షిణాసియా పక్షులే. సైబీరియా వైపు నుంచి మన దేశానికి వచ్చే బాతులు, ఉల్లంకులు చలి తప్పించుకోవడానికి వస్తాయి, ఇక్కడ గుడ్లు పెట్టవు. ఇవి మాత్రం పురిటికి పుట్టింటికొచ్చినట్టు వస్తాయి. మరి తిండి చూడాల్సింది ఎవరు?

గూడబాతు పిల్ల తిండి తినడం చూడాలి. తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి మెడదాకా తల దూర్చేస్తుంది. వాచ్ టవర్ మీదున్నవాళ్లంతా ఫోన్లు పైకెత్తుతారు. ఆ చేప ఎక్కడిదని అడిగేవాళ్లు తక్కువ. నౌపడా బీలది, అంటే అక్కడి చిత్తడి నేలది, ఉప్పు మడుల పక్క మడుగులది, చేపల చెరువులది. 2021-22 చలికాలంలో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన పరాన్నజీవి పురుగులే కారణమన్నారు. చెట్లకు కాపలా ఉంది, తిండికి లేదు.

బీల విలువ ఇక్కడి రైతులకు, మత్స్యకారులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాకరాపల్లి బీలలో థర్మల్ ప్లాంట్ వద్దని పోరాడితే 2011 ఫిబ్రవరిలో కాల్పులు జరిగి మనుషులే పోయారు. అప్పుడు పక్షుల పేరెత్తిన టూరిస్టులు ఎంతమందో!

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ లెక్క ఇదే. అక్కడికి తొలకరికి వచ్చేవి ఓపెన్‌బిల్ కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, ఆ ముక్కుతోనే నత్త మాంసం లాగుతాయి. నత్తలుండేది వరి మళ్లలో. మళ్లలో మందులు పెరిగితే నష్టం నేరుగా గూటికే చేరుతుంది. ఈ పక్షులొస్తే వానలు బాగుంటాయని నమ్మి, ఇంటి ముందు రెట్ట కంపు భరిస్తున్న ఊరివాళ్లను మెచ్చుకోవాల్సిందే. కానీ పొలంలో ఏం చల్లుతున్నామన్నది ఒక్క ఊరి చేతిలో ఉండే పని కాదు.

పర్యాటకం పెంచుతామంటే పెంచండి. ముందు సెప్టెంబర్‌లో పక్షులు దిగేలోపే చుట్టుపక్కల చెరువుల చేపలకు పశువైద్యులతో పురుగుల పరీక్ష చేయించండి. ఫలితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. సెల్ఫీ పాయింట్ ఆ తర్వాత కట్టుకోవచ్చు.