ఎక్కువ పట్టుకున్న దేశమే మత్తు అడ్డా కాదు: పట్టివేతల పటంపై ఒక సందేశానికి ఖండన

మాదకద్రవ్యాల పట్టివేతల వివరాలను దేశాలు పరస్పరం పంచుకోవడాన్నీ, వాటిని ప్రపంచ పటం మీద గుర్తించడాన్నీ తప్పుపడుతూ ఒక సందేశం కొంతకాలంగా చేతులు మారుతోంది. అందులోని వాదన క్లుప్తంగా ఇది: పటంలో చుక్కలు ఎక్కడ ఎక్కువగా ఉంటే ఆ దేశమే మత్తు వ్యాపారానికి అడ్డా, పట్టివేతలు తగ్గాయంటే రవాణా తగ్గినట్టే, ఈ వివరాలు బయటపెట్టడం దొంగకు తాళాలివ్వడమే, కాబట్టి ఎవరి లెక్క వారు తమ దగ్గరే ఉంచుకోవాలి. మొదటి రెండు మాటలు పటాన్ని అతిగా నమ్ముతాయి, చివరి రెండూ దాన్ని బొత్తిగా నమ్మవు. ఇవన్నీ ఒకే సందేశంలో ఎలా ఇమిడాయో రాసినవారికే తెలియాలి.

మొదటి మాటకు ఇరాన్ ఒక్కటే చాలినంత జవాబు. ప్రపంచంలో ఏటా పట్టుబడే నల్లమందులో సింహభాగం అక్కడే దొరుకుతుంది. అయితే ఆ సరుకు పండేది ప్రధానంగా పక్కనున్న అఫ్గానిస్థాన్‌లో. రెండు దేశాల మధ్య 900 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉండటం, దానిపై ఇరాన్ గట్టి కాపలా పెట్టడం వల్లే అన్ని చుక్కలు పడ్డాయి. పటం మీద ఒక చుక్క పడాలంటే సరుకు అటుగా వెళ్లాలి, ఎవరో ఒకరు సోదా చేయాలి, దొరికినదాన్ని నమోదు చేసి పంపాలి. ఈ మూడింటిలో ఏది జరగకపోయినా ఆ చోటు ఖాళీగానే కనిపిస్తుంది గనుక, ఖాళీ జాగాను చూసి అక్కడ రవాణా లేదని తేల్చడం సాధ్యం కాదు.

రెండో మాట పైకి తర్కబద్ధంగా కనిపిస్తుంది కాబట్టి కాస్త నిదానంగా పరిశీలించాలి. బెల్జియంలోని ఆంట్‌వర్ప్ రేవులో 2023లో 116 టన్నుల కొకైన్ పట్టుబడగా, మరుసటి ఏడాది అది 44 టన్నులకు పడిపోయింది. సందేశం లెక్క ప్రకారం యూరప్‌కు వెళ్లే కొకైన్ సగానికి పైగా తగ్గి ఉండాలి. కానీ కొకైన్ ప్రధానంగా తయారయ్యే కొలంబియాలో దాని ఉత్పత్తి సామర్థ్యం 2023లో 53 శాతం పెరిగి 2,600 టన్నులు దాటిందని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం అంచనా వేసింది. పెద్ద రేవులో నిఘా పెరిగితే ముఠాలు చిన్న రేవులకు మళ్లుతాయి, దాచే పద్ధతి మారుస్తాయి. తూర్పు, ఆగ్నేయాసియాలో కథ ఇందుకు తలకిందులు. అక్కడ మెథ్ అని పిలిచే మెథాంఫెటమిన్ అనే ఉత్ప్రేరక మత్తుమందు పట్టివేతలు 2023లో 190 టన్నులకు, 2024లో 236 టన్నులకు చేరినా, కొన్నేళ్లుగా దాని ధర దిగుతూనే వచ్చింది. సరుకు కరవైతే ధర పెరగాలి కదా. అఫ్గానిస్థాన్‌లో తాలిబన్లు 2022లో విధించిన నిషేధం తర్వాత, నల్లమందునిచ్చే గసగసాల సాగు 2,33,000 హెక్టార్ల నుంచి మరుసటి ఏడాదికి 10,800 హెక్టార్లకు పడిపోయింది. అయినా పాత నిల్వలు ఉన్నంతకాలం పట్టివేతలు అదే వేగంతో తగ్గవు. అందుకే సాగు విస్తీర్ణం, ధర, స్వచ్ఛత పక్కన పెట్టుకోకుండా పట్టివేతల మొత్తాన్ని ఒంటరిగా చదవడం పొరపాటు.

పైగా ఆ మొత్తం కట్టడమే అంత తేలిక కాదు. 2020 జులైలో ఇటలీలోని సలెర్నో రేవులో పట్టుబడిన, మెథ్ కోవకే చెందిన ఆంఫెటమిన్ మాత్రలు 8.4 కోట్లు, బరువు 14 టన్నులు. ఒక దేశం మాత్రల సంఖ్య రాసి, మరొకటి బరువు రాసి, మూడోది ద్రవాన్ని లీటర్లలో చూపితే వాటిని కూడటానికి ముందు ఒకే కొలతలోకి మార్చాలి. ఆ సరుకును మొదట ఇస్లామిక్ స్టేట్ ఉగ్రవాద సంస్థకు అంటగట్టారు. తర్వాతి పరిశోధనలు అప్పటి సిరియా పాలకుల అనుయాయుల వైపు వేలు చూపాయి. కనుక నమోదు పట్టికలో ‘ఎక్కడి నుంచి వచ్చింది’ అన్న గడిని కూడా అవసరమైనప్పుడు దిద్దుకోవలసిందే.

ఇక దొంగకు తాళాలిచ్చే సంగతి. సరుకు పోయిన విషయం అందరికన్నా ముందు తెలిసేది దాన్ని పంపినవాడికే. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దొరికిన సుమారు 2,988 కిలోల హెరాయిన్‌నే తీసుకోండి. పట్టికలో దేశం పేరు, బరువు మాత్రమే ఉంటే అది వార్తకు సరిపోతుంది, దర్యాప్తుకు అక్కరకు రాదు. పౌడర్ల తయారీకి వాడే టాల్క్ అనే ఖనిజం పేరుతో వచ్చిన రెండు కంటైనర్లు, అఫ్గానిస్థాన్ సరుకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా ప్రయాణం, పెద్ద సంచుల్లో అడుగున హెరాయిన్, పైన టాల్క్ రాళ్లు: ఈ గడులు నిండినప్పుడే అలాంటి సరుకు వచ్చే మరో రేవులోని అధికారికి ఏ సంచిని అడుగుదాకా చూడాలో తెలుస్తుంది. దాచవలసినవి లేకపోలేదు. సమాచారమిచ్చిన మనిషి ఎవరు, ఏ లక్షణాలు చూసి కంటైనర్‌ను పక్కకు తీశారు అన్నవి బయటికి రాకూడదు. అయితే అవి బహిరంగ పటానికి ఎక్కేవి కావు. మత్తుమందుల తయారీకి వాడే ముడి రసాయనాల పట్టివేతలను తెలియజేసుకోవడానికి అంతర్జాతీయ మాదకద్రవ్యాల నియంత్రణ మండలి 2012 నుంచి నడుపుతున్న వ్యవస్థలోకి నమోదైన అధికారులకు మాత్రమే ప్రవేశం.

ఎవరి లెక్క వారిదే అన్న చివరి మాట 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ముందు నిలవదు. కొత్త పోకడలను, పరిమాణాన్ని, మూలాన్ని, పద్ధతిని బట్టి ముఖ్యమని తోచిన కేసుల వివరాలు పంపాలని దాని 20వ అధికరణం సభ్య దేశాలను కోరుతుంది. ఎందుకో 2021 అక్టోబరులో లావోస్‌లోని బొకెయోలో తెలిసింది. బీరు పెట్టెల లారీలో 5.5 కోట్ల మెథ్ మాత్రలు, 1.5 టన్నులకు పైగా క్రిస్టల్ మెథ్ దొరికాయి. లావోస్ లెక్కల్లో అది ఒక రికార్డు మాత్రమే. మయన్మార్‌లోని షాన్ రాష్ట్రంలో తయారీ, మెకాంగ్ నది వెంబడి థాయ్‌లాండ్ ఈశాన్య సరిహద్దులో పెరిగిన పట్టివేతలు దాని పక్కన చేరినప్పుడే, ముఠాలు లావోస్ మీదుగా దారి మళ్లించాయని కనిపిస్తుంది.

అరేబియా సముద్రంలో ఏ జెండా లేని పడవల నుంచి హెరాయిన్, మెథ్ పట్టుకునే బహుళదేశ నౌకాదళాలు సాధారణంగా సరుకును అక్కడే నాశనం చేసి, పడవను వదిలేస్తాయి. అక్కడ కేసు నమోదు చేసే పోలీస్ స్టేషన్ గానీ, విచారించే కోర్టు గానీ ఉండదు. ఆ నౌకలు పంచుకునే వివరాలు లేకపోతే ఆ పట్టివేతలు ఏ దేశం లెక్కలోకీ రావు.