యుద్ధం లేని రోజుల్లో మంత్రగాళ్లు

ఫాంటసీ కథల్లో నిప్పులు కురిపించే మంత్రగాళ్లు మామూలు రోజుల్లో ఏం చేస్తారని మీ వ్యాసంలో అడగడం చాలా నచ్చింది. మంత్రంతో నడిచే దీపాలు, పొయ్యిలు, ఎగిరే చాపలు అన్నీ చెప్పారు. నా దృష్టిలో మాత్రం అన్నిటికన్నా పెద్ద మార్పు తెచ్చేది చల్లదనం. ఒక రేవులో ఒకరికి గదిని మంచులా ఉంచే మంత్రం వచ్చనుకోండి. చేపలు ఉప్పు పట్టించకుండానే నిలవుంటాయి. పట్టినవాడు దళారి చెప్పిన రేటుకి అదే సాయంత్రం తెగనమ్ముకోనక్కర్లేదు. అక్కడి తిండి, వ్యాపారం, అప్పులు అన్నీ మారిపోతాయి. ఫాంటసీ కథల్లో ఇలాంటివి కనిపించకపోతే నాకు నిజంగా వెలితిగా ఉంటుంది.

ఇంకో సంగతి, లెక్క. లీటరు నీళ్లను 20 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి దాదాపు 335 కిలోజూళ్లు కావాలి. అంతే శక్తితో టన్ను బరువును సుమారు 34 మీటర్ల ఎత్తుకు లేపవచ్చు! అంటే గిన్నెడు నీళ్లు క్షణంలో మరిగించే అమ్మాయి, ఆ శక్తి ఎటైనా మళ్లేదైతే, కోటగోడకు రాళ్లూ ఎత్తగలదు. ఎత్తలేకపోతే కారణం కథలో కనపడాలి. అలసటో, ఆకలో, మంత్రం పారే దూరమో, ఏదో ఒక హద్దు ఉండాలి కదా.

నీళ్లు శుద్ధి చేసే మంత్రాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. కలరా, టైఫాయిడ్ సోకేది ఎక్కువగా కలుషిత నీటి వల్లే. ఆ మంత్రం ఉన్న నగరంలో ఎంతమంది పసిపిల్లలు బతుకుతారో, జనాభా ఎలా పెరుగుతుందో విడిగా ఒక వ్యాసం రాయండి, ప్లీజ్.