ఇంట్లో ఎయిర్‌లైన్ ఉద్యోగి ఉంటే టికెట్ కొనక్కర్లేదా? ఎవరు చెప్పారండీ?

మళ్లీ అదే మెసేజ్. మొన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో, ఇవాళ మా పెద్దమ్మ కొడుకు నేరుగా నాకే పంపి కింద "ఏరా, మీ చెల్లి ఉందిగా, ఇన్నాళ్లూ చెప్పలేదేంట్రా" అని పెట్టాడు. "మీ ఇంట్లో ఎయిర్‌లైన్ ఉద్యోగి ఉంటే ఇక టికెట్ కొనకండి" అని మొదలై ఆరు పాయింట్లు, చివర్లో పది మందికి పంపమని. మా చెల్లి ఒక ఎయిర్‌లైన్‌లో గ్రౌండ్ స్టాఫ్, అమ్మానాన్న గుంటూరు నుంచి దాని దగ్గరికి స్టాండ్‌బై టికెట్ల (మిగతా ప్యాసింజర్లు పోగా సీటు మిగిలితేనే ఎక్కించే స్టాఫ్ టికెట్లు) మీదే వెళ్లొస్తుంటారు, అందుకే రాస్తున్నా.

ఫ్యామిలీ మొత్తానికి జీవితాంతం ఫ్రీ అట. కాదు. ఎక్కువగా వాడేది అసలు ఛార్జీలో పదో వంతు కట్టే టికెట్, ఎయిర్‌పోర్ట్ ఫీజులూ ట్యాక్సులూ దానికి అదనం. ఫ్యామిలీ అంటే కంపెనీ దగ్గర నమోదైన పేర్లే, బాబాయిలూ మేనత్తలూ అందులోకి రారు. ఉద్యోగం మానేస్తే చాలాచోట్ల అదీ పోతుంది.

బిజినెస్ క్లాస్‌లో కూర్చోబెడతారట. విజయవాడ దగ్గరి గన్నవరం ఎయిర్‌పోర్ట్‌లో దిగే చిన్న ఏటీఆర్ విమానంలో బిజినెస్ క్లాస్ ఎక్కడుందో రాసినాయనే చూపించాలి.

"వీళ్లు దీని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా కట్టరు" అన్నది మాత్రం నిజం. ఆదాయపు పన్ను రూల్స్‌లోనే ఉంది, వేరే ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ తన ఉద్యోగికి ఫ్రీగా ప్రయాణం ఇస్తే దాన్ని జీతంలో కలిపి లెక్కేస్తారు, ఎయిర్‌లైన్, రైల్వే వాళ్లకి మాత్రం మినహాయింపు. ప్రైవేట్ బస్సు కంపెనీ ఉద్యోగికి లేనిది వీళ్లకెందుకు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఆ మాట న్యాయమే.

ఇక నాలుగోది, దీని కోసమే ఇదంతా. "యాప్‌లో సీట్లు ఖాళీగా కనిపిస్తే సీటు గ్యారంటీ, ధైర్యంగా బయల్దేరండి." ఈ ఒక్క లైన్ నమ్మి ఎవరో ఒకరు పెళ్లికో, వీసా ఇంటర్వ్యూకో, చివరి చూపుకో స్టాండ్‌బై మీద బయల్దేరతారు, నా భయం అది. ఆ సీట్ మ్యాప్‌లో ఖాళీ అంటే సీటు ఇంకా ఎవరికీ కేటాయించలేదని, అమ్ముడు పోలేదని కాదు. మనవాళ్లలో సీటు ఎంచుకోడానికి అదనంగా డబ్బు కట్టేదెంతమంది? కట్టనివాళ్లందరి సీట్లూ చెక్‌ఇన్ దాకా ఖాళీగానే కనిపిస్తాయి. నిజంగానే ఖాళీ ఉన్నాయనుకోండి, ముందు రోజు ఇంకో ఫ్లైట్ క్యాన్సిల్ అయితే ఆ ప్యాసింజర్లంతా ఇందులోకి వస్తారు, డ్యూటీ మీద వేరే ఊరు వెళ్లాల్సిన క్రూ వస్తారు, స్టాండ్‌బై లిస్టులో మనకంటే సీనియర్ ఉద్యోగుల ఇంటివాళ్లుంటారు (ఆ వరుస కొన్ని కంపెనీల్లో సర్వీసును బట్టి, కొన్నిట్లో ఎవరు ముందు చెక్‌ఇన్ అయితే వాళ్లు). వేరే ఎయిర్‌లైన్ వాళ్ల టికెట్ అయితే ఆ కంపెనీ సొంత స్టాఫ్ తర్వాతే మన వంతు. ఇవన్నీ దాటినా ఢిల్లీలో పొగమంచు అని ఇంధనం ఎక్కువ నింపితే బరువు లెక్క కుదరక, సీటు ఖాళీగా ఉన్నా ఎక్కించకపోవచ్చు. ఎక్కి కూర్చున్నాక దింపేసిన సందర్భాలూ ఉన్నాయి.

సంక్రాంతి ముందు అమ్మానాన్న గన్నవరం వెళ్లారు. చెల్లి రాత్రి చూసినప్పుడు తొమ్మిది సీట్లు ఖాళీ, లిస్టులో వీళ్లిద్దరే. కౌంటర్ పక్కన నిలబడ్డారు, అమ్మ చేతిలో అరిసెల డబ్బా, నాన్న అయితే లైన్‌లో చేరిన ప్రతి మనిషినీ లెక్కపెడుతున్నాడట. కౌంటర్ మూసే టైముకి ఒక్క సీటు మిగిలింది. కౌంటర్ అమ్మాయి "ఒక్కరే వెళ్తారా అంకుల్" అని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెళ్లలేదు. క్యాబ్‌లో బెంజ్ సర్కిల్ మీదుగా రైల్వే స్టేషన్‌కొచ్చి, పండగ రష్‌లో జనరల్ బోగీ ఎక్కలేక ఇంటికొచ్చేశారు. ఆ అమ్మాయి చేసింది రూలు ప్రకారమే, తప్పు ఎవరిదీ కాదు, ఆ టికెట్ పద్ధతే అది. డబ్బు పూర్తిగా కట్టినవాడు ముందు వెళ్లాలి. మరి "గ్యారంటీ" అన్న మాట ఏం చూసి రాశారండీ?

సీటు ఇవ్వకపోతే పదివేలు పరిహారం అడగండి అన్నది ఐదోది. అది కన్ఫర్మ్ టికెట్ ఉన్నవాళ్లకి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన రూలు, 24 గంటల్లోపు వేరే ఫ్లైట్ ఎక్కిస్తే గరిష్ఠంగా 10,000, అది దాటితే 20,000. స్టాండ్‌బై వాళ్లకి ఏమీ రాదు, హోటల్ కూడా మన జేబులోంచే. కౌంటర్ దగ్గర గొడవ పడితే ఆ కంప్లయింట్ వెళ్లేది టికెట్ ఇప్పించిన ఉద్యోగి మీదికి.

ఆరోది, "తెలిసిన ఉద్యోగికి కొంత డబ్బిచ్చి పాస్ తీసుకోండి." ఇది సలహానా? స్టాఫ్ పాస్ అమ్ముకుంటే ఉద్యోగం పోతుంది. ఇంట్లోవాళ్లందరి ప్రయాణ సౌకర్యం కూడా దాంతోపాటే పోతుంది. మీకు మిగిలే నాలుగైదు వేల కోసం ఒక ఆడపిల్ల నెల జీతం, ఇన్నేళ్ల సర్వీసు పణంగా పెట్టాలా? కాబట్టి అన్నయ్యా, గ్రూపులోనే రాస్తున్నా, మా చెల్లికి ఫోన్ చెయ్యొద్దు. అదివ్వదు, ఇవ్వమని మేమూ చెప్పం.