ఆపరేషన్ చేసిన చేయే లెక్క చెప్పాలి

మోకాలి ఆపరేషన్ చేయించుకున్నవారికి సర్జన్ పేరు జీవితాంతం గుర్తుంటుంది. ఆ ఆపరేషన్ నిజంగా పనికొచ్చిందా అని ఏళ్ల తరబడి వెంటపడి తేల్చినవారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. మోకాలి శస్త్రచికిత్స పరిశోధన సంస్థల అసలు విలువ ఈ రెండో పనిలోనే ఉందని మేము నమ్ముతున్నాం.

అమెరికాలోని వేల్ పట్టణంలో ఉన్న ప్రసిద్ధ పరిశోధన సంస్థకు 1988లో పునాది వేసిన డాక్టర్ రిచర్డ్ స్టెడ్‌మన్‌నే తీసుకుందాం. మైక్రోఫ్రాక్చర్ పద్ధతికి ఆద్యుడాయన. మోకాలి కీలులో ఎముకల చివర్లను కప్పి ఉంచే మెత్తటి పొర, అంటే మృదులాస్థి, పోయి ఎముక బయటపడినచోట సన్నని రంధ్రాలు చేస్తారు. మజ్జలోంచి ఊరిన రక్తం, కణాలు అక్కడ గడ్డకట్టి క్రమంగా కొత్త పొరగా మారతాయి. ఆయన ఇంతటితో సరిపెట్టుకోలేదు. రోగులు ఎలా ఉన్నారో కనుక్కుంటూ, సగటున 11 ఏళ్ల తర్వాతి ఫలితాలను 2003లో ప్రచురించారు. ఆ పొర అసలు మృదులాస్థి అంత గట్టిది కాదనీ, దెబ్బతిన్న భాగం పెద్దదైతే ఎక్కువకాలం నిలవదనీ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఎవరికి చేయాలో, ఎవరికి వద్దో డాక్టర్లకు తెలిసింది అలాగే.

ఇంతకంటే గుండెధైర్యం కావాల్సిన పని హ్యూస్టన్‌లో జరిగింది. అరిగిన మోకాలిని ఆర్థ్రోస్కోపీతో, అంటే చిన్న గాటులోంచి కెమెరా గొట్టం పంపి, కడిగి, శుభ్రం చేస్తే నొప్పి తగ్గుతుందని అప్పట్లో అందరూ నమ్మేవారు. సర్జన్ బ్రూస్ మోస్లీ, సహ పరిశోధకురాలు నెల్డా రే బృందం 180 మంది రోగులతో పరీక్ష పెట్టింది. వారి అనుమతితోనే, కొందరికి చర్మంపై గాట్లు పెట్టి కుట్టేశారు, లోపల ఏమీ చేయలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. రెండేళ్లు గమనించినా అసలు ఆపరేషన్ ఉత్తుత్తి ఆపరేషన్ కంటే మెరుగని తేలలేదు. 2002లో ఆ ఫలితాన్ని దాచకుండా లోకం ముందు పెట్టారు. తాను స్వయంగా చేసే ఆపరేషన్ మీదే ఇలాంటి తీర్పు వెలువరించడం ఏ సర్జన్‌కైనా తేలిక కాదు. మోస్లీకి మా నమస్కారం.

కత్తి పట్టనివారి పాత్రా తక్కువేం కాదు. 1974లో న్యూయార్క్‌లో తొలిసారి అమర్చిన ‘టోటల్ కాండిలార్’ అనే రకం కృత్రిమ మోకాలి వెనుక సర్జన్లు జాన్ ఇన్సాల్, చిత్తరంజన్ రాణావత్‌లతో పాటు ఇంజనీర్ పీటర్ వాకర్ ఉన్నారు. మరుసటి ఏడాది స్వీడన్ మోకాలి మార్పిడులకు జాతీయ రిజిస్టర్ తెరిచింది. ఏ ఇంప్లాంట్ (లోపల అమర్చిన కృత్రిమ కీలు) ఎన్నేళ్లు నిలిచింది, ఏది మళ్లీ మార్చాల్సి వచ్చింది అన్నది అందులో నమోదవుతుంది. ఏ కంపెనీ ప్రకటనా ఈ సమాచారం ఇవ్వదు.

మాకున్న ఆందోళన డబ్బు గురించి. ఇంప్లాంట్ రూపొందించిన సర్జన్‌కు రాయల్టీ అందడం తప్పు కాదు. కానీ అదే ఇంప్లాంట్ పనితీరును ఆయనే తేల్చడం సబబు కాదు, ఆ పని బయటివారికి అప్పగించాలి. కొత్త పరికరాలకు నిధులిచ్చే దాతలు రోగుల ఫాలో అప్‌కూ అంతే ఇవ్వాలి. ఆపరేషన్ చేయించుకోమని చెప్పే ముందు, తమ దగ్గర అదే ఆపరేషన్ అయినవారిలో ఎందరికి మళ్లీ చేయాల్సి వచ్చిందో ప్రతి సంస్థా రోగికి కాగితం మీద రాసివ్వాలి.