సవరణ: ఎల్ మోరో కోటకు కింది బాట నుంచి దారి లేదు

ప్యూర్టో రికోలోని ఓల్డ్ శాన్ హువాన్‌ను ఒక్కరోజులో చూసే ప్రణాళికలో, ఎర్రటి శాన్ హువాన్ ద్వారం దాటి పసేయో దెల్ మోరో బాట పడితే ఎల్ మోరో కోటలోకి చేరతారని ఉంది. అది సరికాదు. ఆ బాట ప్రాకారం బయట, నీటి అంచునే సాగి కోట గోడ కింద ఆగిపోతుంది. అక్కడి నుంచి లోపలికి దారి లేదు. వెళ్లిన దారినే ద్వారం దాకా వెనక్కొచ్చి, ఊళ్లోంచి పైకి ఎక్కాలి. పైగా కోట ముందున్న విశాలమైన పచ్చిక మైదానంలో ఎక్కడా నీడ దొరకదు. ఎండ ముదరకముందే కోట చూసేసి, ఈ బాటను సాయంత్రానికి ఉంచుకోండి, అప్పుడే దాని అందం. ఊళ్లోనే ఉన్న మరో కోట శాన్ క్రిస్తోబల్‌కు వేరే టికెట్ అక్కర్లేదు. ఒక్క టికెట్ రెండింటికీ 24 గంటలు చెల్లుతుంది, రసీదు పారేయకండి.