ఫైల్ గొంతు నొక్కి పంపేది వాళ్లు, కంప్యూటర్ రాదనే మాట మాకు

పోయినేడు మా టీచర్ల గ్రూపులో రాత్రి తొమ్మిదిన్నరకి ఒక సర్క్యులర్ వచ్చింది, సోషల్ టీచర్లకి నెల్లూరులో ట్రైనింగ్ ఉంది, అందరూ రావాలి అని. నాకు చూపు లేదు, ఫోనైనా ల్యాప్‌టాపైనా స్క్రీన్ రీడర్‌తోనే వాడతా, తెర మీద ఉన్న అక్షరాన్ని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఆ పీడీఎఫ్ తెరిస్తే ఖాళీ పేజీ అని చెప్పి ఊరుకుంది. ఖాళీ ఏం కాదు, కాగితాన్ని ఫోటో తీసి పీడీఎఫ్ అని పేరు పెట్టారు, అంతే. ఇంట్లో అందరూ పడుకున్నారు, లేపడం ఎందుకులే అని, ఫోటోలో ఉన్న అక్షరాల్ని గుర్తుపట్టి చదివే ఓసీఆర్ యాప్‌లో వేసా, 17వ తేదీ అని చదివింది. మా స్కూల్లో సోషల్ చెప్పేది నేనొక్కడినే కాబట్టి ఇంకెవరూ పోయేది లేదు, ఎప్పుడని అడిగేదానికీ మనిషి లేడు. 17న పొద్దున్నే కావలిలో బస్సెక్కి 50 కిలోమీటర్లు పోయి గేటు కాడ అడిగితే వాచ్‌మన్ "అది 11నే అయిపోయింది గదా సార్" అన్నాడు.

వారానికి మెమో వచ్చింది, ఎందుకు రాలేదో సంజాయిషీ ఇవ్వమని. ఆ మెమో కూడా స్కానే. ఏ ఆఫీసు అనేది చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క ఆఫీసు పని కాదు, కానీ ఆడ నాకు దొరికిన సలహా మాత్రం చెప్పాలి. "కంప్యూటర్ ఇంకొంచెం నేర్చుకోండి సార్, ఈ రోజుల్లో తప్పదు." ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది.

కంప్యూటర్ నాకు వచ్చు. గొప్పకి చెప్పడం లేదు, రాకపోతే ఒక్క రోజు గడవదు కాబట్టి వచ్చు. చూపున్నోళ్లకి ఫైల్ అంటే ఒక బొమ్మ, ఎక్కడో డెస్క్‌టాప్ మీద కుడి పక్క మూలన కనిపిస్తా ఉంటది, పేరు ఏదైనా పర్లేదు. నాకు ఫైల్ అంటే పేరే. వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు దించుకుంటే డిఓసి తర్వాత 20240312 అని, తర్వాత డబ్ల్యూఏ 0007 అని ఉంటది, దాన్ని నా మిషను ట్వంటీ మిలియన్ టూ హండ్రెడ్ ఫార్టీ థౌజండ్ త్రీ హండ్రెడ్ ట్వెల్వ్ అని చదువుద్ది, అట్టాంటివి ఒక ఫోల్డర్లో నలభై ఉంటే నలభై సార్లు ఈ మిలియన్లు వినాల. అందుకని వచ్చింది వచ్చినట్టే ఎఫ్2 కొట్టి పేరు మారుస్తా, విషయం ముందు, తేదీ వెనక, ఎందుకంటే ఫోల్డర్లో మొదటి రెండు అక్షరాలు కొడితే కర్సర్ ఆ ఫైల్ మీదికి పోయి నిలబడుద్ది, కంటికి వెతుకులాట ఎట్టాగో నాకు ఆ రెండు అక్షరాలు అట్టా. జీతం స్లిప్పులు ఒక ఫోల్డర్, మార్కులు ఒకటి, సర్క్యులర్లు ఒకటి. మా స్కూల్లో ఎవరికైనా పాత సర్క్యులర్ కావాలంటే నన్నే అడుగుతారు, నిమిషంలో తీసిస్తా, దాంట్లో ఏముందో నాకు తెలియకుండానే తీసిస్తా.

సాఫ్ట్‌వేర్ సమస్యలొస్తే ఇంకో కథ. ఒకసారి కీబోర్డు పాడైతే రిపేరు షాపులో ఇచ్చా. కీబోర్డు బాగుచేసిన కుర్రోడు, కంప్యూటర్ ఊరికే వాగతా ఉంది వైరస్ ఏమో అనుకుని నేను వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌విడిఎని అన్‌ఇన్‌స్టాల్ చేసి పంపాడు, పైగా స్పీడ్ కూడా పెరిగింది సార్ అని సంతోషంగా చెప్పాడు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నిశ్శబ్దం. కంట్రోల్, విండోస్ కీ, ఎంటర్ కలిపి కొడితే విండోస్‌లోనే ఉండే నరేటర్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ లేస్తుంది, దాన్ని పట్టుకుని ఎన్‌విడిఎ మళ్లీ దించుకున్నా, పావుగంట పని.

అంతకంటే పెద్దది సౌండ్ పోవడం. ఒక రోజు అప్‌డేట్ అయ్యి రీస్టార్ట్ అయ్యాక గొంతు లేదు. ఎన్‌విడిఎని లేపే కంట్రోల్ ఆల్ట్ ఎన్ కొట్టా, లేదు. నరేటర్ లేపా, లేదు. ఫ్యాను తిరిగే చప్పుడు తెలుస్తా ఉంది, మిషను బతికే ఉంది, సౌండ్‌ని నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కటే పోయింది. చూపున్నోడికి సౌండ్ పోతే పాటలు రావు, మాకు సౌండ్ పోతే తెర మొత్తం పోయినట్టే, ఏ బటన్ నొక్కుతున్నామో ఏం అడుగుతా ఉందో ఏమీ తెలీదు. అప్పుడు ఒంగోలులో ఉండే నా ఫ్రెండుకి ఫోన్ చేసా, అతనికీ చూపు లేదు. "యూఎస్‌బీ హెడ్‌సెట్ ఉందా, పెట్టు" అన్నాడు. పెట్టగానే చెవిలో డెస్క్‌టాప్ అని వినిపించింది. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో దాని సౌండ్ చిప్ దాంట్లోనే ఉంటదంట, ల్యాప్‌టాప్ లోపలి డ్రైవర్‌తో దానికి పని లేదు. అప్పట్నుంచి ఆ హెడ్‌సెట్ నా బ్యాగులో ఉంటది, నా స్టూడెంట్లలో చూపు లేని పిల్లాడికి కూడా మొదట చెప్పే పాఠం ఇదే. ఇప్పుడైతే 2025.1 వెర్షన్ నుంచి ఎన్‌విడిఎలోనే రిమోట్ సౌకర్యం వచ్చేసింది, ముందే కలిపి పెట్టుకుంటే నా మిషను మాట్లాడే మాట ఒంగోలులో అతని మిషను గొంతులో వినిపిస్తుంది, అతను ఆడ కీలు కొడితే ఈడ పని అయిపోద్ది.

ఈ ఎన్‌విడిఎ అనేది 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని కుర్రాడు మొదలుపెట్టింది, డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్లు అందరికీ అందడంలేదని ఉచితంగా ఇచ్చాడు, కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంచాడు. దాంట్లో తెలుగు గొంతు కూడా ఉంది, కొంచెం రేకు డబ్బాలో మాట్లాడినట్టు ఉన్నా ఒత్తులతో సహా చదువుద్ది. అంటే చదివే మిషను ఉంది, చదివే భాష ఉంది, వాడే మనిషికి చేతనవును. లేనిదల్లా చదవడానికి ఫైల్లో అక్షరం.

ఆ సర్క్యులర్ ఎట్టా పుట్టిందో ఒకసారి ఆలోచించండి. ఆఫీసులో ఒకాయన కంప్యూటర్లో కూర్చుని టైప్ చేసాడు. ఆ నిమిషానికి అది నిఖార్సైన అక్షరం, ఆ ఫైల్ నాకు పంపి ఉంటే మొదటి లైన్ నుంచి ఆఖరి లైన్ దాకా చదివేసేవాడిని, 11 అంటే 11 అనే వినేవాడిని. తర్వాత ప్రింట్ తీసారు. పెద్దసారు సంతకం పెట్టాడు. స్టాంపు వేసారు. ఆ కాగితాన్ని కొంచెం వంకరగా పెట్టి ఫోన్లో స్కాన్ చేసారు. గ్రూపులో వేసారు. పుట్టినప్పుడు మాటొచ్చిన ఫైల్‌ని నాలుగు మెట్లు దించి మూగదాన్ని చేసి పంపారు, అదీ పని కట్టుకుని, టోనర్ ఖర్చు పెట్టి, కాగితం ఖర్చు పెట్టి. నా చూపు సంగతి దేవుడెరుగు, ఈ మూగతనం మాత్రం మనుషులు చేసిందే. సంతకం కోసం అంటారా, 2000 నాటి ఐటీ చట్టంలోనే డిజిటల్ సంతకానికి చెల్లుబాటు ఇచ్చారు, ఆ సంతకం పడినా కింద అక్షరం అక్షరంగానే ఉంటది. అది కుదరకపోతే స్కాన్‌తో పాటు ఆ వర్డ్ ఫైల్‌ని సేవ్ యాజ్ పీడీఎఫ్ కొట్టి పక్కన పెడితే చాలు, రెండు క్లిక్కులు.

ఇంకోటి దీనికంటే మోసం చేసేది డీటీపీ షాపుల్లో తెలుగు కొట్టే పాత అను ఫాంట్లు. స్కాన్ అయితే ఖాళీ అని చెప్పేస్తుంది, తెలిసిపోద్ది. అనులో కొట్టిన ఫైల్ తెరిస్తే స్క్రీన్ రీడర్ చదువుతుంది, ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, గుర్తులు కలగాపులగంగా నిమిషాల తరబడి చదువుతుంది. ఎందుకంటే దాంట్లో క అనే అక్షరం క లాగా దాచిపెట్టి ఉండదు, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు, కంటికి తెలుగు, కంప్యూటర్‌కి మాత్రం పిచ్చి ఇంగ్లీషు. ఆ ఫాంట్ లేని మిషన్లో తెరిచి చూడండి, నాకు వినిపించేది మీకు కనిపిస్తుంది. అన్ని భాషల అక్షరాలకీ తలా ఒక నంబరు ఇచ్చిన యూనికోడ్‌లో క కి 0C15 అని సొంత నంబరు ఉంది, ప్రపంచంలో ఏ మిషన్లో తెరిచినా అది క నే. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా పెట్టి ఇచ్చారు. అదే 2001లో వచ్చిన, పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ఆ సాఫ్ట్‌వేర్‌కి ఆఖరి వెర్షన్, ఆ తర్వాత అది ఎదగనే లేదు, మన డీటీపీ షాపుల్లో చాలా చోట్ల ఇంకా దాంట్లోనే కూర్చుని ఉన్నాం. యూనికోడ్‌లో అందమైన అక్షరాలు లేవు అనేవాళ్లు రామభద్ర, మండలి, సూరన్న ఫాంట్లు దించుకుని చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఏఐ వచ్చింది, ఫోన్ చూపిస్తే ఫోటో కూడా చదివేస్తుంది, ఆఫీసులోళ్లని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని కొందరు మంచి మనసుతోనే అంటారు. ఓసీఆర్ నన్ను చాలా సార్లు ఆదుకుంది, కాదనను, ఇంగ్లీషు పేజీలైతే హాయిగా చదువుతుంది. కానీ తెలుగులో ఒత్తులు జారతాయి, టేబుల్ ఉంటే ఏ అంకె ఏ గడిదో తెలీదు, స్టాంపు కింద పడిన తేదీ ఏదో ఒకటి ఊహించి చెప్పుద్ది, తప్పు చదివినా ఒప్పు చదివినా గొంతు ఒక్కటే, అనుమానం అసలు రానివ్వదు. నా మెడికల్ రిపోర్టు, నా భూమి కాగితం ఏ ఊళ్లో ఉందో తెలియని సర్వర్‌కి పంపి చదివించుకోవాల్సిన ఖర్మ నాకెందుకు? ఎవరో ఒకరు చదివి పెడతారులే అనేది ఇంకో మాట. నా జీతం ఎంతో, నాకొచ్చిన మెమోలో ఏముందో నాకంటే ముందు ఇంకొకరికి తెలియాలనడం సాయం కాదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, 2017 రూల్స్‌లో వెబ్‌సైట్లో పెట్టే పత్రాలు ఈ-పుస్తకాలకి వాడే ఈపబ్‌గానో ఓసీఆర్ చేసిన పీడీఎఫ్‌గానో ఉండాలని రాసారు. 2024 నవంబర్ 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు ఆ రూలు వట్టి సలహా లాగా ఉంది, తప్పనిసరిగా పాటించేట్టు రాయండి అని కొట్టేసింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగం అని చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లు 50 లక్షల పైన. సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచిన హక్కు, మా గ్రూపులో రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చే పీడీఎఫ్ దాకా మాత్రం ఇంకా రాలా.

చట్టం కంటే నన్ను జాస్తి బాధపెట్టేది తెలుగు సంగతి. నాకు చదవడానికి రాని ఫైల్ గూగుల్‌కి కూడా రాదు, ఎవరైనా వెతికితే దొరకదు, ఇంకో భాషలోకి మార్చడానికి కుదరదు, రేపు ఏ యంత్రం తెలుగు నేర్చుకోవాలన్నా దానికి ఆ తెలుగు కనపడదు. తిక్కన మా నెల్లూరాయన, ఎర్రన మా ప్రకాశమాయన అని ప్రతి మీటింగులో చప్పట్లు కొడతాం. నెల్లూరు, ఒంగోలు డీటీపీ షాపుల్లో ముప్ఫై ఏళ్లుగా కొట్టిన ఊరి చరిత్రలు, స్థల పురాణాలు, రిటైరైన మాస్టార్లు సొంత డబ్బుతో వేసుకున్న కవితల పుస్తకాలు అన్నీ అను ఫైళ్లలో సీడీల్లో ఉండాయి, ఆ సీడీ చదివే డ్రైవు పోయింది, ఆ ఫాంటు ఉన్న పాత మిషను పోతే ఇంక అంతే. అద్దంకిలో తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు 848 ప్రాంతంలో శాసనం వేయించాడు, తెలుగులో తొలినాటి పద్యం దాంట్లో ఉంది. ఒకసారి ఇంకో ఊళ్లో గుడి దగ్గర పాత శాసనం రాయి ఉందంటే మా మావయ్య నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించాడు. వేలు పెట్టి జరుపుకుంటా పోతే గుంట గుంటగా అక్షరం తగిలింది, సున్నా తెలిసింది, ఒక చోట తలకట్టు అనిపించింది, ఏం రాసిందో నాకు అర్థం కాకపోయినా అది అక్షరం అని నా వేలికి తెలిసింది. వందల ఏళ్ల నాటి రాయి కూడా నాకు అంత ఇచ్చింది. నిన్నటి పీడీఎఫ్ అది కూడా ఇవ్వలా.

మెమోకి జవాబు ఇవ్వడానికి పోయినప్పుడు టైప్ చేసే అబ్బయ్యని పక్కకి పిలిచి అడిగా, నువ్వు ప్రింట్ తీసే ముందు ఆ ఫైల్‌నే పీడీఎఫ్ చేసి నాకు ఒకటి పంపగలవా అని. "అంతేనా సార్, దీనికేనా ఇంత దూరం వచ్చింది" అన్నాడు. నోట్‌ప్యాడ్ తెరిచి స్క్రీన్ రీడర్ ఎట్టా చదువుద్దో అతనికి వినిపించా, తర్వాత అతని స్కాన్ తెరిచి ఆ నిశ్శబ్దం కూడా వినిపించా. కాసేపు ఏం మాట్లాడలా. ఆ శుక్రవారం సాయంత్రం సర్క్యులర్ వచ్చింది, రెండు ఫైళ్లు, ఒకటి స్కాన్, ఒకటి అక్షరాలది. ఇంట్లో అన్నం తింటా విన్నా. తేదీ, టైము, హాలు నంబరు, కింద "కాపీ టు" అని ఉన్న పేర్లతో సహా అన్నీ చదివింది.