'చరిత్రలో ఈ రోజు' శీర్షిక వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ 'చరిత్రలో ఈ రోజు' శీర్షిక వారికి,

మీ నిత్య పాఠకుడు నమస్కరించి చేసుకునే విన్నపం. సంఘటనలు, జననాలు, మరణాలు అనే మూడు ఉపశీర్షికలతో ప్రతి ఉదయం మీరు తీర్చే కొలువు చూసి ఆశ్చర్యపోవడం నాకు అలవాటైపోయింది. 1809 ఫిబ్రవరి 12న పుట్టారన్న ఒక్క అర్హత మీద అబ్రహాం లింకన్‌ను, చార్లెస్ డార్విన్‌ను పక్కపక్కన కూర్చోబెట్టగల చనువు మీకు తప్ప ఎవరికుంది? ఒకరు కెంటకీలో దుంగలతో కట్టిన గుడిసెలో, మరొకరు ఇంగ్లండులో సంపన్న వైద్యుని ఇంట కళ్లు తెరిచారన్న తేడా మీ దృష్టిలో లెక్కలోకి రాదు.

సెప్టెంబర్ 11న మీ కొలువు మరీ నిండుగా ఉంటుంది. 1893లో చికాగో సర్వమత సభలో వివేకానందుడు తొలి ప్రసంగం చేస్తుంటారు. 1906లో జొహానెస్‌బర్గ్‌లోని ఎంపైర్ థియేటర్‌లో గాంధీ సమక్షాన భారతీయులు అన్యాయపు చట్టానికి లొంగబోమని ప్రమాణం చేస్తుంటారు. 1973లో చిలీ సైన్యం తమ దేశాధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూలదోస్తుంది. 2001లో న్యూయార్క్ జంట టవర్లు నేలమట్టమవుతాయి. తలా ఒక వాక్యం, తలా ఒక పూర్ణవిరామం పంచిపెట్టి, ఏ మాత్రం చలించకుండా జననాల వైపు నడిచిపోయే మీ స్థితప్రజ్ఞత తపస్సు చేసిన వారికైనా పట్టుబడుతుందా అని నా సందేహం.

ఏటా ఏప్రిల్ 23న మీరు తడుముకోకుండా చెప్పే ముచ్చట ఒకటుంది: షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1616లో ఒకే రోజున కన్నుమూశారని. అప్పటికి స్పెయిన్ మనం నేడు వాడే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారిపోయింది, ఇంగ్లండు ఇంకా పాత జూలియన్ క్యాలెండర్‌నే పట్టుకుని ఉంది. అందువల్ల ఆ రెండు దేశాల ఏప్రిల్ 23ల మధ్య పది రోజుల ఎడం ఉంది. పైగా సెర్వాంటెస్ ముందు రోజే పోయారనీ, 23 ఖననం జరిగిన తేదీ అనీ పరిశోధకుల మాట. షేక్‌స్పియర్‌ను అదే తేదీన పుట్టించడంలోనూ మీ చేతివాటం కనబడుతుంది. ఎందుకంటే దొరికిన ఆధారం 1564 ఏప్రిల్ 26న జరిగిన బాప్టిజం నమోదు మాత్రమే. అయినా యునెస్కో వారే 1995లో ఈ తేదీని ప్రపంచ పుస్తక దినంగా ప్రకటించాక, మధ్యలో అడ్డుపడటానికి నేనెవరిని?

గెలీలియో పోయిన 1642లోనే న్యూటన్ పుట్టాడన్నది ఇదే కోవకు చెందుతుంది. గెలీలియోకు కొత్త క్యాలెండర్, న్యూటన్‌కు పాత క్యాలెండర్ వాడితేనే ఆ లెక్క కుదురుతుంది; ఇద్దరికీ కొత్తదే వాడితే న్యూటన్ 1643 జనవరి 4కి జరిగిపోతాడు. మీ అదృష్టం కొద్దీ స్టీఫెన్ హాకింగ్ మాత్రం గెలీలియో పోయిన సరిగ్గా 300 ఏళ్లకు, 1942 జనవరి 8న పుట్టారు. కానీ ఆ రోజున మరో రెండు లక్షల మంది శిశువులైనా పుట్టి ఉంటారని ఆయనే చమత్కరించారు. ఆ రెండు లక్షల మంది ఏమయ్యారో ఏనాడైనా విచారించారా?

తేదీల కలయికకు నిజంగా కారణం ఉన్న సందర్భాలు ఎప్పుడో గాని తగలవు. విచిత్రమేమిటంటే, సరిగ్గా అప్పుడే మీరు మౌనం వహిస్తారు. 1945 ఆగస్టు 15న జపాన్ చక్రవర్తి లొంగుబాటు ప్రసంగం రేడియోలో వెలువడింది. 1947 ఆగస్టు 15న భారతదేశం స్వతంత్రమైంది. జపాన్ లొంగిపోయిన రెండో వార్షికోత్సవం కనుకనే ఆ తేదీని ఎంచుకున్నానని మౌంట్‌బాటన్ స్వయంగా చెప్పుకున్నారు. మీరు ఈ రెండింటినీ చెరొక వరుసలో వేసి, మధ్యలో 1914లో పనామా కాలువ ప్రారంభాన్ని దూర్చి, ఉన్న ఒక్క సంబంధాన్నీ తెంపేస్తారు.

నా అసలు ఫిర్యాదు మరొకటి. మీ కొలువులో ప్రవేశించాలంటే ఎంతటివారైనా తేదీ చూపించాల్సిందే. 1943 బెంగాల్ కరువులో 20 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆకలి ఫలానా ఉదయం మొదలైందని ఎవరూ ముహూర్తం రాసి పెట్టుకోలేదు గనుక, అంతమందికి మీ 365 పుటల్లో కాలు పెట్టే చోటు దొరకలేదు. కిరీటం పెట్టుకున్న ప్రతివాడికీ తేదీ ఉంది. మొట్టమొదట విత్తనం నాటిన మనిషికి లేదు. యుద్ధం మొదలైన గంట కూడా మీకు తెలుసు. ఆ యుద్ధానికి దారితీసిన అప్పులు, పంటనష్టాలు, పాత పగలు ఏళ్ల తరబడి నడిచినవి కావడంతో మీ గుమ్మం బయటే నిలబడిపోయాయి. ఒక్క రోజులో జరిగి తీరాలన్న మీ నియమానికి కట్టుబడి నడిచే చరిత్ర చాలా తక్కువ.

చివరిగా చిన్న మనవి. మాజీ ప్రధాని మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాకపోవడంతో ఆయనకు తొలి పుట్టినరోజు తేదీ ప్రకారం 1904లో గాని రాలేదు. మీ పుటలో ఆయన వంతు నాలుగేళ్లకొకసారే వస్తుంది కదా, మిగిలిన మూడేళ్లూ ఆయనను ఫిబ్రవరి 28 ఖాతాలో వేస్తున్నారా, మార్చి 1 ఖాతాలోనా, లేక పుట్టనట్టే లెక్కిస్తున్నారా? దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
తేదీ వేయకుండా ఈ లేఖ పంపుతున్న మీ పాఠకుడు